నాలుగు మొక్కల్లో ఒకటి ఎందుకు మాడింది? గడ్డిమందు పత్తి చేనులో ఒక కేస్ స్టడీ

2022 జులై 30, శనివారం. రైతువేదికలో మీటింగ్ అయిపోయి అందరూ వెళ్లిపోయాక ఒకాయన మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. చేతిలో నల్ల కవరు. అందులోంచి రెండు పత్తి మొక్కలు తీశాడు, వేర్లతో సహా పీకి తెచ్చినవి. ఒకటి నిగనిగలాడుతోంది. రెండోది కొస దగ్గర పాలిపోయి, లేత ఆకులు తెల్లబారి ముడుచుకుని ఉంది.

“రెండూ ఒక్క సాలుల మొక్కలే సార్. పక్కపక్కనే ఉండె. దీనికేమైంది, దానికెందుకు గాలేదు?”

“ఏం మందు కొట్టారు?”

“ఏం కొట్టలేదు సార్.”

ఆ మాట నిజం కాదని ఇద్దరికీ తెలుసు. పాత ఆదిలాబాద్ జిల్లాలో, ప్రాణహిత ఒడ్డు మండలంలో నేను అప్పుడు వ్యవసాయాధికారిని. నది దాటితే మహారాష్ట్ర. మే నెల వస్తే చాలు, మాకు లూజు విత్తనాల టెన్షన్ మొదలవుతుంది. గడ్డిమందు కొట్టినా చావదని చెప్పి, ప్యాకెట్టు, బిల్లు లేకుండా దొంగచాటుగా అమ్మే పత్తి గింజలవి. లూజు విత్తనాలు పట్టుకున్న వార్తలు మీరు చదివే ఉంటారు. ఎన్ని క్వింటాళ్లు దొరికాయి, ఎందరిని పట్టుకున్నారు అని రాస్తారు. ఆ గింజ నేలలో పడ్డాక ఆ చేను ఏమైందో, ఆ ఇల్లు ఏమైందో ఎవరూ రాయరు. అందుకే ఈ ఒక్క చేను కథ మొత్తం రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు.

చేను దగ్గర

మర్నాడు పొద్దున్నే మా ఏఈఓ (వ్యవసాయ విస్తరణాధికారి) అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. నాలుగెకరాల నల్లరేగడి. జూన్ మూడో వారంలో పెట్టిన గింజలు, మొక్కకు నలభై రోజుల వయసు. గట్టు మీద నిలబడి చూస్తే చేనంతా చిల్లులు పడ్డ దుప్పటిలా ఉంది. పచ్చటి మొక్క, పచ్చటి మొక్క, మధ్యలో ఒక ఎండు పుల్ల. పల్లం అనీ మెరక అనీ తేడా లేకుండా అంతటా అదే తీరు.

ముందు మామూలుగా వచ్చే రోగాలన్నీ ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాం. ఆ జులైలో మా వైపు వానలు ఎలా కురిశాయో గుర్తుండే ఉంటుంది. కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా నీళ్లు పొర్లిన నెల అది. కాబట్టి మొదటి అనుమానం నీరు నిలవడం మీదే. అదే అయితే పల్లంలో ఎక్కువ, మెరకలో తక్కువ పోవాలి. ఇక్కడ అలా లేదు. వేరుకుళ్లు అయితే పీకగానే వేరు బెరడు ఊడి రావాలి, మొక్కలు గుంపులుగా చావాలి. వేర్లు తెల్లగా గట్టిగా ఉన్నాయి. పక్క పొలంలో కొట్టిన 2,4-డి అనే కలుపుమందు గాలికి వచ్చి పడితే ఆకులు సన్నగా చీలి బెండాకుల్లా అవుతాయి, అది కూడా గాలి వచ్చిన వైపే ఎక్కువ ఉంటుంది. అదీ కాదు.

ఇక మిగిలింది ఒక్కటే. సాళ్ల మధ్య గడ్డి చూశాను. గరిక, తుంగ, వయ్యారిభామ అన్నీ పండి గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి. చేతి కలుపు తీస్తే గడ్డి అలా నిలువునా ఎండదు. పత్తి మొక్కలో కూడా ముందు ముదురాకు కాదు, కొస లేతాకు తెల్లబారింది. గ్లైఫోసేట్ అనే గడ్డిమందు లక్షణం అది. మొక్కలోకి దిగి పెరిగే కొసకు చేరుతుంది, చంపడానికి వారం పది రోజులు తీసుకుంటుంది.

నేను మళ్లీ అడగలేదు. ఆయన భార్య గట్టు మీద కూర్చుని ఉంది. భర్త వైపు చూసి, “చెప్పుర్రి. చేనే పోయినంక ఇంకేం దాస్తరు?” అంది.

అప్పుడు చెప్పాడు. మే నెలలో ఊరికొచ్చిన ఒక మనిషి దగ్గర ఐదు కిలోల లూజు గింజలు కొన్నాడు. కిలో 1,500. “బీటీ త్రీ, దీని మీద గడ్డిమందు కొట్టినా ఏంగాదు” అన్నాడట అమ్మినవాడు. బిల్లు లేదు, ప్యాకెట్టు లేదు. జులై 19న వాన తెరిపి ఇవ్వగానే గ్లైఫోసేట్ కొట్టాడు. ఐదో రోజుకు గడ్డితో పాటు కొన్ని పత్తి మొక్కల కొసలు కూడా పాలిపోవడం మొదలైంది.

“మరి ఇన్నాళ్లు ఎందుకు రాలేదు?”

“మీరే అంటిరి గద సార్, గా విత్తనం పెట్టినోళ్లను జైల్ల ఏస్తమని.”

అన్నాను. మేలో ఇదే రైతువేదికలో మైకు పట్టుకుని గట్టిగానే చెప్పాను. అమ్మేవాడిని భయపెడదామని అన్న మాట కొన్నవాడికి తగిలింది. ఆయన మొదటి లక్షణం చూసిన రోజే వస్తే చేయగలిగింది కొంత ఎక్కువ ఉండేది. ఖాళీల్లో వేరే పంట పెట్టుకోవడానికి కనీసం వారం అదను దక్కేది. ఆ వారం నా మాట వల్లే పోయింది.

ఆకు నలిపి చూస్తే

మా దగ్గర ఉన్నవి ఇరవై స్ట్రిప్పులు. గ్లైఫోసేట్‌ను తట్టుకునే పత్తిలో ఉండే ప్రొటీన్‌ను పట్టే స్ట్రిప్పులవి. పని చాలా తేలిక. మూత ఉన్న బుల్లి ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. లేతాకును మూతకూ గొట్టానికీ మధ్య పెట్టి నొక్కితే గుండ్రంగా తెగి లోపల పడుతుంది. చిన్న పుల్లతో నలపాలి. ద్రావణం చుక్కలు వేయాలి. ఆకుపచ్చ నీళ్లలో స్ట్రిప్పు ముంచి ఐదు పది నిమిషాలు ఆగాలి. పైగీత వస్తే స్ట్రిప్పు పని చేస్తున్నట్టు. కింద రెండో గీత కూడా వస్తే ఆ ప్రొటీన్ ఉన్నట్టు.

ఆరు మొక్కలు పరీక్షించాం. బతికిన మూడింటికి రెండేసి గీతలు. మాడుతున్న మూడింటికి ఒక్కో గీతే. ఆయన స్ట్రిప్పుల మీద వంగి చాలాసేపు చూశాడు. “అంటే సగం మోసం చేసిండు వాడు” అన్నాడు.

సగం కాదు. ఎంతో చూద్దామని చేనులో పది చోట్ల నలభై నలభై మొక్కలు లెక్కపెట్టాం. 400 మొక్కల్లో 104 చచ్చినవి లేదా చావబోతున్నవి. దాదాపు నాలుగింట ఒకటి. ఇంటికెళ్తే ఆమె గూట్లోంచి మూట విప్పి మిగిలిన గుప్పెడు గింజలు ఇచ్చింది. నూగు తీసి ఎర్ర రంగు పట్టించారు. వేలితో రుద్దితే రంగు వేలికంటింది. సైజు ఒకటిగా లేదు, చిన్నా పెద్దా కలిసి ఉన్నాయి. మరో పన్నెండు స్ట్రిప్పులు ఆ గింజల మీద వాడాం. ఎనిమిదింటికి రెండు గీతలు, నాలుగింటికి ఒకటి.

నాలుగింట ఒకటి అనగానే వ్యవసాయ కాలేజీలో చదివిన ఎవరికైనా వంశపారంపర్యపు లెక్కలు చెప్పిన మెండెల్ గుర్తొస్తాడు. ఆ లెక్క ఆ దంపతులకు ఎలా చెప్పానో అలాగే ఇక్కడా చెబుతాను. హైబ్రిడ్ పత్తిలో తల్లిదండ్రులు వేరు వేరు. ఈ గడ్డిమందు జన్యువు సాధారణంగా ఒక వైపు నుంచే వస్తుంది. కాబట్టి మొదటి తరం హైబ్రిడ్ మొక్కలో ఆ జన్యువు ఒక్క ప్రతే ఉంటుంది. ఒక్క ప్రతి ఉన్నా చాలు, మొక్క మందును తట్టుకుంటుంది. మొదటి తరం చేనంతా బతుకుతుంది. కానీ ఆ చేను పత్తిని జిన్నింగు మిల్లులో ఆడించి, వచ్చిన గింజనే మళ్లీ విత్తనంగా అమ్మితే జన్యువులు విడిపోతాయి. నాలుగు గింజల్లో సగటున మూడింటికి కనీసం ఒక ప్రతి అందుతుంది, ఒకదానికి అసలు అందదు. ఆ ఒకటే గడ్డితో పాటు మాడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మంచి గింజలో మామూలు గింజ కలిపి అమ్మినా ఇదే లెక్క రావచ్చు. లెక్క ఒక్కదాన్నీ పట్టుకుని రెండో తరం గింజ అని తేల్చేయకూడదు. నన్ను అటు మొగ్గేలా చేసినవి వేరే ఉన్నాయి. బతికిన మొక్కలు కూడా ఒక తీరున లేవు. మొక్క మొక్కకీ ఎత్తు తేడా, ఆకు నూగు తేడా. అక్టోబరులో ఇంకో సాక్ష్యం దొరికింది. అక్కడక్కడా ఒక్కో మొక్క మీద కాయలు తొలుస్తూ శనగపచ్చ పురుగు కనిపించింది. ఆ పురుగును పత్తిలో ఉండే బీటీ (పురుగును చంపే జన్యువు) ఇంకా బాగానే ఆపుతుంది, పత్తిలో దాన్ని చూసి నాకే ఏళ్లయింది. బోల్‌గార్డ్-2 అనే బీటీ పత్తిలో రెండు బీటీ జన్యువులు వేరు వేరు చోట్ల కూర్చుని ఉంటాయి. రెండో తరంలో అవి కూడా విడిపోతాయి, పదహారింట ఒక మొక్కకు రెండూ ఉండవు. పురుగు వెతుక్కుని మరీ ఆ మొక్కల మీదికే వచ్చింది. మాకు స్ట్రిప్పులు అయిపోయాయి గానీ దానికి ఏ స్ట్రిప్పూ అక్కర్లేదు.

ఆమె నోటుబుక్కు

ఎందుకు కొన్నారని అడగడం తేలిక. నేనూ అడిగాను. ఆమె లోపలికెళ్లి కొడుకు స్కూలు నోటుబుక్కు తెచ్చింది. వెనక పేజీల్లో ముందటేడు లెక్కలు. కలుపుకు ఎకరాకు ఎనిమిది మంది, కూలి 300. మూడుసార్లు. ఎకరానికి 7,200. నాలుగెకరాలకు 28,800. గ్లైఫోసేటుకు ఎకరానికి ఆరేడు వందలు, కొట్టేవాడి కూలి కలిపినా వెయ్యి దాటదు. ఆ ఏడాది బోల్‌గార్డ్-2 ప్యాకెట్టు 810 రూపాయలు. అంటే లూజు గింజ కిలో లెక్కన కొంత చవకే. కానీ వాళ్లు ఆ తేడా కోసం కొనలేదు. ఆ 28,800 కోసం కొన్నారు.

డబ్బు కంటే ముందు ఇంకొకటుంది. రేగడి నేల తడిస్తే మనిషి కాలు పెట్టలేడు, ఎద్దులు గుంటుక లాగలేవు. ఆ జులైలో పదిరోజులకు పైగా చేనులోకి ఎవరూ దిగలేదు. దిగేసరికి గడ్డి పత్తిని మించిపోయింది. ఊరంతా ఒకేసారి కలుపుకు దిగుతుంది, కూలీలు అందరికీ ఒకేసారి కావాలి. ఆమె కూడా కలుపు కూలికి వెళ్లే మనిషే. “మా చేన్ల కలుపు తీస్తె కూలి దొరకదు, మందిచేన్లకు పోతె మా చేను పోతది” అంది.

నిజానికి గడ్డిమందు పత్తి వస్తే ఊళ్లో ఆడవాళ్ల కూలి పోతుందనే వాదన నేను చాలాసార్లు విన్నాను, అదేం అబద్ధం కాదు. భూమి లేని ఇళ్లకు జులై, ఆగస్టు కూలీ డబ్బులే ఏడాదికి ఆధారం. కానీ నాలుగెకరాలుండి పరాయి చేనుకు కూలికి పోయే ఈమెను ఏ లెక్కలో వేయాలి? విధానాల మీద మాట్లాడేటప్పుడు రైతు వేరు, కూలీ వేరు అనుకుని మాట్లాడతాం. మా మండలంలో ఎక్కువ ఇళ్లలో ఇద్దరూ ఒక్క మనిషే.

మరో నష్టం ఆ చేనులోనే కనిపించింది. వాళ్ల నాయన కాలం నుంచి పత్తిలో కంది సాళ్లు వేసేవాళ్లు. ఈసారి వేయలేదు. గడ్డిమందు కొడితే కంది బతకదు కదా. ఇంట్లో పప్పు ఆ చేనులోంచే వచ్చేది.

చట్టం ఎక్కడుంది

ఈ విత్తనం మన దేశంలో అనుమతి లేనిది. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని కింద 1989 డిసెంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం జన్యుమార్పిడి చేసిన ఏ జీవినైనా కేంద్రంలో ఇలాంటి అనుమతులు చూసే జీఈఏసీ కమిటీ ఒప్పుకోకుండా తయారు చేయకూడదు, అమ్మకూడదు, వాడకూడదు. వాడకూడదు అన్న మాట ఉంది కాబట్టి కాగితం మీద రైతు కూడా తప్పు చేసినవాడే. అప్పటికి ఆ చట్టంలో ఐదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉండేవి. తెలంగాణలో 2017 నుంచి నకిలీ విత్తనాలమ్మేవాళ్ల మీద పీడీ యాక్టు (ముందస్తుగా నిర్బంధించే చట్టం) కూడా పెట్టవచ్చు.

చెడ్డ చట్టం అనను. కానీ అది ఈ గింజ విషయంలో ఎలా నడిచిందో చూడండి. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి ఇచ్చారు. దానికి ముందు ఏడాదే గుజరాత్‌లో అనుమతి లేని బీటీ పత్తి వేల ఎకరాల్లో బయటపడింది. గింజ ముందొచ్చింది, అనుమతి తర్వాత వచ్చింది. ధర విషయంలో మన రాష్ట్రమే ముందు పోరాడింది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విత్తన కంపెనీ వసూలు చేసే రాయల్టీ మీద, గుత్తాధిపత్యాన్ని విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లింది, 1,850 దాకా ఉన్న ప్యాకెట్టు 750కి దిగింది. ఆ మరుసటి ఏడాది పత్తి విత్తనాల చట్టం చేసింది. రైతుకు అది పెద్ద మేలు.

గడ్డిమందును తట్టుకునే పత్తి దగ్గరకొచ్చేసరికి కథ మధ్యలో ఆగింది. పరీక్షలు చాలావరకు జరిగాక 2016లో ఆ గింజను తెచ్చిన కంపెనీ అనుమతి దరఖాస్తును వెనక్కు తీసుకుంది. ప్రభుత్వం అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. గింజ మాత్రం ఆగలేదు. 2017లో కేంద్రం ప్రత్యేకంగా తనిఖీ కమిటీ వేస్తే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్ చేలల్లో అది ఉన్నట్టు తేలింది. 2019 జూన్‌లో మహారాష్ట్రలోని అకోలా జిల్లాలో రైతు సంఘం వాళ్లు అందరి ముందూ దాన్ని నాటి, కేసులు పెట్టుకోండి అన్నారు. అంటే మా చేను నాటికి ఆ గింజ రహస్యం కాదు. అందరికీ తెలిసినదే, ఎవరూ బాధ్యత తీసుకోనిది.

ఇంకో చిక్కుంది. గడ్డిమందును తట్టుకునే పంట అంటే అన్నీ నిషేధం కాదు. 2021లో ఢిల్లీ పూసా సంస్థ ఇమాజెతాపైర్ అనే గడ్డిమందును తట్టుకునే రెండు బాస్మతి రకాలు విడుదల చేసింది. అవి ఉత్పరివర్తనంతో (మొక్క సొంత జన్యువులోనే కలిగిన మార్పుతో) వచ్చినవి, బయటి జన్యువు పెట్టలేదు కాబట్టి జీఈఏసీ దాకా వెళ్లాల్సిన పని లేదు. 2022 మార్చి 30న కేంద్రం బయటి జన్యువు మిగలని జన్యు సవరణ (మొక్క సొంత జన్యువునే దిద్దడం) పంటలను కూడా అదే 1989 నిబంధనల్లోని కఠినమైన వాటి నుంచి తప్పించింది. ఆ దారిలోనే 2025 మేలో రెండు వరి రకాలను ప్రకటించారు. ఒకటి మన బాపట్ల సాంబమసూరి నుంచి, ఇంకొకటి మన మారుటేరు కాటన్‌దొర సన్నాలు నుంచి చేసినవి. తెలుగు రైతుకు ఇది సంతోషించే విషయమే. కానీ చట్టం చూసేది గింజను ఎలా చేశారన్నదే. చేనులో ఆ గింజ ఏం చేస్తుందన్నది ఎక్కువ చూడాలని నా అభిప్రాయం. పత్తైనా వరైనా గడ్డిమందును తట్టుకునే గింజ వచ్చాక అడగాల్సిన ప్రశ్నలు ఒకటే. ఒకే మందు ఏళ్ల తరబడి కొడితే కలుపు దాన్ని తట్టుకోవడం నేర్చుకోదా? అమెరికా పత్తి చేలల్లో మన తోటకూర జాతిదే ఒక కలుపు, పామర్ అమరాంత్, ఇప్పుడు గ్లైఫోసేట్‌కు చావడం లేదు. అక్కడ అనుమతితో, కాగితాలతో, పద్ధతిగా వాడితేనే అలా అయింది. దొంగచాటుగా ఎంత మోతాదులో పడితే అంత కొట్టే చోట ఏమవుతుందో ఆలోచించండి.

చేనుకు చేసిన వైద్యం

ఆ రోజు నేను ముందు తేల్చుకోవాల్సింది ఒకటి. పోలీసు పని ముందా, డాక్టరు పని ముందా? చేను దున్నేయమని చెప్పొచ్చు. ఆగస్టు దగ్గరపడ్డాక దున్నితే ఆ ఇంటికి ఆ ఏడాది ఏమీ ఉండదు. నేను చేను ఉంచమన్నాను. మా పై అధికారికి ఉన్నదున్నట్టు రాసి పంపాను.

చెప్పినవి ఇవి. గ్లైఫోసేట్ ఇక ఒక్క చుక్క కొట్టొద్దు, అసలు మన దేశంలో దాన్ని తేయాకు తోటల్లో, పంట లేని చోట మాత్రమే వాడాలి. మాడిన మొక్కలు పీకేసి ఖాళీల్లో కంది పెట్టుకోవాలి. గ్లైఫోసేట్ నేలలో పడితే మట్టికి గట్టిగా అతుక్కుంటుంది, అందువల్ల కంది మొలవడానికి భయం లేదు. వానలకు కొట్టుకుపోయిన పోషకాలు పూడ్చడానికి పైపాటు యూరియా, పొటాష్ మొక్క పక్కన గుంత తీసి వేయాలి. సెప్టెంబరు నుంచి ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టేవి) పెట్టి, వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి గులాబీ రంగు కాయతొలుచు పురుగు రెక్కల పురుగులు పడితే నాకు ఫోన్ చేయాలి. ఆఖరిది, ఈ చేను పత్తి గింజ ఒక్కటి కూడా విత్తనానికి దాచకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు.

కంది ఆగస్టు 3న పెట్టారు. ఆమె, ఇద్దరు ఆడబిడ్డలు, కర్రతో గుంత చేసి రెండేసి గింజలు. నేనూ ఒక సాలు పెట్టాను.

బిల్లు లేని మనిషి

నష్టపరిహారం సంగతి కొద్దిలోనే చెప్పొచ్చు, ఎందుకంటే ఏమీ రాలేదు. అప్పటికి పంటల బీమా లేదు, కేంద్ర పథకం ఫసల్ బీమా నుంచి తెలంగాణ 2020లోనే బయటికొచ్చింది. విత్తనం కేసులో రైతుకు ఉన్న గట్టి దారి వినియోగదారుల కోర్టు. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసుల మీదే. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, గింజలన్నీ విత్తేశాక పరీక్షకు శాంపిల్ తెమ్మని రైతును అడగడం కుదరదని చెప్పింది. రైతుకు అంత అండగా నిలిచిన తీర్పు అరుదు. అయినా ఆ తీర్పు పట్టుకుని కోర్టుకు వెళ్లాలంటే ఎవరి దగ్గర కొన్నావో చూపించాలి. ఈయన దగ్గర ఉన్నది ఎర్ర రంగు గింజల మూట, పేరు కూడా సరిగా తెలియని మనిషి ముఖం.

నేను ఇచ్చిన సమాచారంతో నకిలీ విత్తనాలు పట్టే టాస్క్‌ఫోర్స్ వాళ్లు అమ్మినవాడి కోసం వెతికారు. పక్క మండలంలో ఒక ఇంట్లో కొన్ని సంచులు దొరికాయి, ఒకరి మీద కేసు పెట్టారు. అసలు నూగు తీసి రంగు వేసిన చోటు దాకా ఎవరూ వెళ్లలేకపోయారు. ఇంట్లో చేసే పని కాదది. యాసిడ్, తొట్లు, ఆరబెట్టే జాగా కావాలి. సాక్ష్యం చెప్పమంటే మా రైతు రానన్నాడు. అడిగినందుకు నేనే బాధపడ్డాను. తన తప్పు తనే ఒప్పుకుంటూ కోర్టు మెట్లెక్కమని ఎలా అంటాం? ల్యాబుకు పంపిన గింజల రిపోర్టు వచ్చేసరికి పత్తి ఏరడం మొదలైంది. గడ్డిమందు జన్యువు ఉందని అందులో రాశారు.

కాయలు పగిలాక లెక్క ఇది. ఈయనకు ఎకరానికి ఐదు క్వింటాళ్లు, పక్క చేను వాళ్లకు ఏడు. కంది నాలుగెకరాల ఖాళీల్లో కలిపి రెండు క్వింటాళ్ల దాకా వచ్చింది. కలుపు డబ్బు మిగిలింది కదా అనుకుంటారేమో. ఆగస్టులో మళ్లీ గడ్డి లేచింది, మందు కొట్టొద్దన్నాను కాబట్టి ఒకసారి కూలీలను పెట్టక తప్పలేదు. ఆమె ఇవన్నీ నోటుబుక్కులో రాసింది. ఎకరానికి రెండు క్వింటాళ్లు తగ్గాయంటే, ఆ ఏటి మద్దతు ధర 6,380 లెక్కన చూసుకున్నా కంది పోను ఎంత పోయిందో మీరే కట్టుకోండి.

ఆ అక్టోబరులోనే కేంద్రం గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ కొట్టకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మా మండలంలో ఆ లైసెన్సున్న మనిషిని నేను చూడలేదు. మందు షాపుల్లో అమ్మకం మాత్రం జరుగుతూనే ఉంది.

నేను కోరేది ఒకటే. ఈ గింజ మీద ఏదో ఒకటి తేల్చండి. పరీక్షలు పూర్తి చేసి, కలుపు మొండికేయకుండా షరతులు పెట్టి, ప్యాకెట్టు మీద పేరు, బిల్లు మీద సంతకం ఉండేలా అనుమతిస్తారా, అలా చేయండి. ఇది మన చేలకు వద్దు అని తేలితే వద్దని చెప్పండి, చెప్పిన రోజే రేగడి నేలలో జులై కలుపుకు వేరే దారి చూపించండి. ఈ రెండూ చేయకుండా ఏళ్లు గడిపితే ఆ ఆలస్యం ఖర్చు ఢిల్లీలో ఎవరి ఖాతాలోనూ పడదు. బిల్లు లేని మనిషి చేనులో పడుతుంది.

తర్వాతి ఏడాది

నేను మైకులో మాట్లాడే తీరు మార్చుకున్నాను. 2023 మే మీటింగులో జైలు మాట ఎత్తలేదు. ఇరవై స్ట్రిప్పులు బల్ల మీద పెట్టి, “అనుమానం ఉన్న గింజ ఎవరి దగ్గరున్నా తెండి, ఇక్కడే చూద్దాం, పేరు రాసుకోను” అన్నాను. ఆ రోజు ఎవరూ రాలేదు. తర్వాతి వారంలో చీకటి పడ్డాక తొమ్మిది మంది వచ్చారు, జేబుల్లో గింజలతో. ఏడుగురి గింజల్లో రెండు గీతలు వచ్చాయి. నలుగురు ఆ గింజ పెట్టడం మానేశారు. ముగ్గురు పెట్టారు.

మా రైతు దంపతులు ప్యాకెట్లు కొన్నారు, ఒక్కోటి 853. ఆమె బిల్లు మడిచి నోటుబుక్కులో పెట్టింది. విత్తిన 48 గంటల్లోపు, కలుపు మొలవకుండా ఆపే పెండిమిథాలిన్ కొట్టించాం. ఇరవై రోజులప్పుడు వెడల్పాకు కలుపుకు పైరిథయోబ్యాక్ సోడియం ఎకరానికి 250 మిల్లీలీటర్లు, గడ్డిజాతి కలుపుకు క్విజలోఫాప్ 400, రెండూ 200 లీటర్ల నీళ్లలో కలిపి. ఈ రెండు మందులు పత్తిని చంపవు, అనుమతి ఉన్నవే. కానీ తుంగ చావదు, ముదిరిన గడ్డీ చావదు, అదను తప్పితే పని చేయవు. ఆరు సాళ్లకు ఒక కంది సాలు వేశారు. ఆ సాళ్ల మీద పైరిథయోబ్యాక్ పడకుండా రేకు అడ్డం పెట్టి కొట్టాడు ఆయన, దానికే రోజంతా పట్టింది. కూలీలను ఒకసారే పెట్టారు. ఎకరానికి ఎనిమిది మంది.

జులై మొదట్లో నేను వెళ్లేసరికి ఆమె సాలులో కూర్చుని కొడవలితో తుంగ తవ్వుతోంది. గడ్డ దాకా తవ్వి తీసి పక్కన పోగేస్తోంది. “ఇది మీ మందుకు చావదు గద సార్” అంది. చావదమ్మా అన్నాను. ఇంకో కొడవలి అడిగాను.